లేనిదీ, చూడనిదీ: ఎక్స్‌రే జాబితాలతో నా తగవు

(పుదుచ్చేరిలో చేసిన స్మారకోపన్యాసం)



మాస్టారి బోధన గురించీ, క్రమశిక్షణ గురించీ ముందు మాట్లాడినవారు చెప్పేశారు, వాటికి నేను కలిపేదేమీ లేదు. నాకు తెలిసిన మాస్టారికి ఆకాశమంటే ఏ ఆసక్తీ లేదు. రాత్రి తొమ్మిది కొట్టేసరికి పడుకునే మనిషి. యానాంలో మాకు ఫిజిక్స్ చెప్పి, రిటైరయ్యాక ఈ ఊరు చేరారు. పైచదువుకు నేను హైదరాబాదు వెళ్తున్నప్పుడు రైలు ఛార్జీలో సగం ఆయనే ఇచ్చారు. తిరిగిచ్చేశానని నేనూ, ఇవ్వలేదని ఆయనా చివరిదాకా వాదించుకుంటూనే ఉన్నాం. ఆయన పేరిట జరుగుతున్న సభలో ఆ లెక్క తిరగదోడను. వేరే తగవు ఒకటి తెచ్చాను.

ఈ ఊరికీ ఖగోళశాస్త్రానికీ ఉన్న బంధుత్వం మీకు కొత్త కాదు. 1689 డిసెంబరులో జెస్యూట్ పాదిరీ రిషో ఇక్కడినుంచి తోకచుక్కను చూస్తూ ఆల్ఫా సెంటారీ జంట నక్షత్రమని కనిపెట్టాడు. శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం చూద్దామని వచ్చిన ల జాంతీ, శిథిలమైన కోటలో గవర్నరు కట్టించి ఇచ్చిన వేధశాలలో ఏడాదికి పైగా కాచుకుని కూర్చుంటే, 1769 జూన్ 4 ఉదయం సరిగ్గా ఆ వేళకు మబ్బు కమ్మింది. ఆయన దురదృష్టం మీద నాటకాలు కూడా వచ్చాయి. నాకు కావలసింది ఆ విషాదం కాదు. ఆ రోజు పాండిచ్చేరి నుంచి కొలత రాలేదు గనక శుక్రుడు సూర్యుణ్ణి దాటలేదని లోకంలో ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే మబ్బు పట్టిందని ఆయన రాసిపెట్టాడు. మా ఎక్స్‌రే జాబితాల్లో మబ్బు రాసే గడి లేదు. తగవంతా ఆ గడి గురించే.

ఎక్స్‌రేలు మన వాతావరణాన్ని దాటి నేలకు రావని, అందుకే రాకెట్లు, బెలూన్లు, ఉపగ్రహాలు కావలసివచ్చాయని, 1962లో జకోనీ బృందం రాకెట్‌కు స్కార్పియస్ ఎక్స్-1 దొరికిందని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. 1970లో ఎగిరిన ఉహురు ఉపగ్రహం పుణ్యమా అని 1978 నాటికి ఫోర్‌మన్ బృందం 339 మూలాలతో నాలుగో ఉహురు జాబితా అచ్చువేసింది. చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర టెలిస్కోపు జాబితా రెండో విడతకే 3,17,167 మూలాలకు చేరింది. ఈరోసీటా అనే ఎక్స్‌రే టెలిస్కోపు మొదటి జాబితా 2024 జనవరిలో వచ్చింది. సగం ఆకాశంలోనే తొమ్మిది లక్షలకు పైగా మూలాలు.

వీటిలో ఉన్నాయని అందరూ ఒప్పుకునే దోషాలను తొందరగా దాటేస్తాను. మూలం మరీ ప్రకాశవంతమైతే, చంద్ర డిటెక్టరు ఒకసారి చదువుకునే మూడు సెకన్ల వ్యవధిలో రెండు మూడు ఫోటాన్లు ఒకేచోట పడతాయి. అది వాటిని ఎక్కువ శక్తి గల ఒకే ఫోటానుగా లెక్కేస్తుంది. చంద్ర నేరుగా గురిపెట్టిన చోట అర ఆర్క్ సెకను స్పష్టత ఉన్నా, అంచులకు పోయేకొద్దీ బొమ్మ అలుక్కుపోతుంది. బాగా వెలిగే మామూలు నక్షత్రపు కాంతి ఎక్స్‌రే వేషం వేసుకొస్తుంది. డిటెక్టరు ముందున్న ఫిల్టరు మీద ఏళ్ల తరబడి పేరుకున్న మురికి, తక్కువ శక్తి ఎక్స్‌రేలను మింగేస్తోంది. ఇవన్నీ జాబితా కట్టినవాళ్లే రాసి ఉంచారు. ఈరోసీటా ప్రధాన జాబితాలో సుమారు 14 శాతం ఉత్తుత్తివే అయ్యుంటాయని మెర్లోనీ బృందం తమ వ్యాసంలోనే ప్రకటించింది. నేను మెచ్చుకునే నిజాయితీ అది.

కానీ చర్చంతా ఆ 14 శాతం చుట్టూనే తిరుగుతుంది. లేనివి ఉన్నట్టు రాస్తే గగ్గోలు పెడతారు. ఖాళీని ఎలా చదవాలో చెప్పకపోతే మాత్రం ఎవరూ కిక్కురుమనరు. జాబితాలో ఒక చోట ఏమీ లేదంటే మూడు సంగతుల్లో ఏదైనా కావచ్చు: అటు చూడనే లేదు, చూసినా కనబడలేదు, కనబడింది గానీ జల్లెడలో పోయింది. చంద్ర రెండో విడత జాబితా తడిమింది మొత్తం ఆకాశంలో రెండు శాతం కూడా లేదు. మొదటి విడతలోనైతే 30 ఆర్క్ సెకన్లకు మించి పరుచుకున్న మూలాలను చేర్చలేదు. ఎవాన్స్ బృందం 2010 వ్యాసంలో ఆ మాట దాచకుండా చెప్పింది. వ్యాసం ఎవరు చదువుతారు? జాబితా దింపుకుని, గాయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాలతో జోడించి, సాయంత్రానికల్లా పట్టిక సిద్ధం చేసే విద్యార్థికి అక్కడ కనిపించేది ఖాళీయే. ఆ ఖాళీల్లో కొన్ని సూపర్నోవా అవశేషాలున్న చోట్లు, ఎక్స్‌రేలకు కొదవలేని చోట్లు.

ఖాళీని నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి నాకు జీఆర్ఎస్ 1915+105 అనే కృష్ణబిలం చాలు. ఉహురు జాబితాలో అది లేదు. 1992 ఆగస్టులో గ్రానాట్ ఉపగ్రహంలోని పరికరానికి ఉన్నట్టుండి దొరికింది. 1996లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఐఆర్ఎస్-పి3 మీద మనవాళ్ల ఎక్స్‌రే పరికరం దాని చిందులన్నీ నమోదు చేసింది. పాతికేళ్లకు పైగా వెలిగి 2018 నుంచి మసకబారింది. ఉహురు తప్పు చేయలేదు, ఆ కాలానికి ఆ కృష్ణబిలమే నిద్రలో ఉంది. అయితే ఎంత గాఢ నిద్ర? 1970లలో ఫలానా రోజున ఫలానా కాంతికి మించి లేదు అని చెప్పగలిగితే ఆ కృష్ణబిలం మేత గురించి ఎంతో తెలుస్తుంది. 339 పేర్ల జాబితా ఈ ప్రశ్నకు బదులివ్వదు.

దీనికి నాకు ఎప్పుడూ వచ్చే జవాబు, ఎక్కడ ఎంత మసక మూలం దాకా కనబడేదో చెప్పే పటాలు ఉన్నాయి కదా అని. చంద్ర జాబితాతో పాటే సున్నితత్వ పటాలు వచ్చాయి. ఎక్స్‌ఎమ్ఎమ్ ఉపగ్రహం పరిశీలనలకు 2022లో రూయిజ్ బృందం ఆ హద్దులు చెప్పే రాపిడ్‌ఎక్స్‌ఎమ్ఎమ్ కట్టింది. ఈరోసీటాకు 2024లో టూబిన్-అరెనాస్ బృందం అలాంటిదే చేసింది. ఉన్నాయి, కాదనను. ఆ అంకెలు నిలిచేది మూలం ఒక చుక్కంత ఉండి, దాని కాంతి నిలకడగా ఉండి, దాని వర్ణపటం ముందే అనుకున్న తీరులో ఉంటేనే. గంటసేపు భగ్గుమని ఆరిపోయేదాన్ని రోజంతటి పరిశీలనలో కలిపేస్తే దాని ఆనవాలు సగటులో కొట్టుకుపోతుంది. పైగా ఆ పటాలు ఒక గదిలో, జాబితా ఇంకో గదిలో. కంప్యూటరు రెండో గది తలుపు తట్టదు.

అంతకన్నా పెద్ద గందరగోళం ఇంకొకటుంది. 2010లో వినయ్ కశ్యప్ బృందం అస్ట్రోఫిజికల్ జర్నల్లో దాన్ని విడదీసి చూపింది. ఎంత కాంతి ఉంటే మన పద్ధతికి దొరికి ఉండేది అన్నది ఒక ప్రశ్న. అక్కడున్న వస్తువు కాంతి ఎంతకు మించదు అన్నది వేరే ప్రశ్న. మొదటిది మన వలకు సంబంధించిన సంగతి, అక్కడ పడిన ఫోటాన్ల లెక్కతో దానికి పనిలేదు. రెండోది చేపకు సంబంధించినది. వ్యాసాల్లో ఈ రెండింటినీ ఒకే పేరుతో, ఒకే బాణం గుర్తుతో గీసేస్తారు. వ్యాసం వచ్చి ఇన్నేళ్లయినా, పరిశీలనకు నాకొచ్చే వ్యాసాల్లో బాణం గుర్తు దేన్ని సూచిస్తుందో చెప్పినవి అరుదు. అడిగితే ‘అందరూ ఇలాగే చేస్తారు’ అంటారు. మాస్టారి దగ్గర ఈ జవాబు చెప్పినవాడు పీరియడ్ అంతా నిలబడేవాడు.

ఖాళీలకు అంతెక్కడ, ప్రతి బిందువుకూ ఎవరు రాస్తారని కూడా అంటారు. ప్రతి బిందువుకూ రాయమనడం లేదు. ఎప్పుడు చూశారు, ఎటు చూశారు, ఎంతసేపు, ఏ పరికరంతో, అప్పటికి దాని చూపు ఎంత తగ్గింది: ఇవి జాబితాలోని వరసల పక్కనే ఉండాలి. అప్పుడు ఏ ఖాళీకి ఏ అర్థమో చదివేవాడే తేల్చుకుంటాడు.

మాటల్లో మిగిల్చకుండా ఒక చిన్న పని మొదలుపెట్టాను. 1960ల చివరినుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు హైదరాబాదు నుంచి ఎక్స్‌రే పరికరాలను బెలూన్ల మీద పంపారు. భూఅయస్కాంత మధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ విశ్వకిరణాల రొద తక్కువ. అంత ఎత్తుకు పోయినా పైన ఇంకా కాస్త గాలి మిగిలే ఉంటుంది, అందుకే సుమారు 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడినవే పరికరానికి అందేవి. స్కార్పియస్ ఎక్స్-1, సిగ్నస్ ఎక్స్-1 మీద వచ్చిన ఫలితాలు అచ్చయ్యాయి. పరికరం చూపు పడి ఏమీ దొరకని చోట్లు మాత్రం అచ్చుకెక్కవు, కాగితాల్లోనే ఉండిపోతాయి. వాటిని పోగుచేసి, ఒక్కో ఎగురుడుకు సమయం, ఎత్తు, దిశ, పైన మిగిలిన గాలి మందం రాసి, కశ్యప్ చెప్పిన మొదటి ప్రశ్నకు అంకెలు కడుతున్నాను. 1992కు ముందు జీఆర్ఎస్ వైపు చూపు పడిన ఎగురుడు ఒక్కటి దొరికినా చాలు.

దిశ చూపే గ్రాఫు కాగితాలు చాలావాటికి కావాలి. ఆ రోజుల్లో బెలూన్ల దగ్గర పనిచేసి, ఇటువైపు వచ్చి స్థిరపడినవారు కొందరుంటారని విన్నాను. మీ ఇళ్లలో అటక మీద నాన్నగారి పాత ఫైళ్లు, చుట్టచుట్టిన చార్టు కాగితాలు ఉంటే పారేయకండి. దేని గురించో తెలియకపోయినా ఫరవాలేదు, పైన తేదీ కనిపిస్తే చాలు. ద్వారం దగ్గర బల్ల మీద ఒక పుస్తకం పెట్టించాను. కాఫీకి వెళ్తూ అందులో పేరు, వీధి రాయండి, నేనే వచ్చి చూసుకుంటాను.