మూత సరిగ్గా పడాలి



ఒకసారి లండన్‌లోని వాలెస్ కలెక్షన్ మ్యూజియంలో ఒక అద్దాల బీరువా ముందు చాలాసేపు నిలబడిపోయాను. లోపల 18వ శతాబ్దంలో పారిస్ స్వర్ణకారులు చేసిన ముక్కుపొడుం డబ్బాలు. 1743-44లో జాన్ డుక్రోలే చేసిన బంగారు డబ్బా మీద ఎనామిల్‌తో నెమలి ఈకలు!

ఎనామిల్ అంటే రంగు గాజుపొడి. దాన్ని బంగారం మీద పరిచి, సుమారు 800 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. ఎక్కువ వేడి కావలసిన రంగు ముందు, తక్కువ వేడి చాలే రంగు చివర. ఆఖరి కాల్పులో పొరపాటు జరిగినా అంతకుముందు పడ్డ శ్రమంతా వృథా.

ఇంజనీరును కదా, నా కళ్ళు మూత దగ్గరే ఆగాయి. మడతబందు ఎక్కడుందో కనిపించదు. రాజులు రాయబారులకు బహూకరించే డబ్బా అయినా, మూత బిగుతుగా పడకపోతే పొడుం ఆరిపోతుంది, ఘాటు పోతుంది, జేబు పాడవుతుంది.

అప్పుడు మా లెక్కల మాస్టారి రేకు డబ్బా గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో దాన్ని దాచింది నేనే. కంగారులో కింద పడేసి సొట్ట పెట్టాను. మర్నాడు గుట్టుగా బల్ల మీద పెట్టేశాను. ఆ తర్వాత మూత సరిగ్గా పడేది కాదు. ఆ ఏడాదంతా ఆయన తెల్లచొక్కా జేబుకు పొడుం మరకే. అయినా ఎవరినీ అడగలేదు, ఎవరినీ కొట్టలేదు.

మాస్టారు ఇప్పుడు లేరు. అందుకే ఆయన పాఠం చెప్పిన ఈ బడిలో, మీ అందరి ముందు చెబుతున్నాను. మాస్టారూ, ఆ డబ్బా పాడుచేసింది నేనే. క్షమించండి.