ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి...
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యం మీద నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మేము డాక్టరులం కాము. ఇరవై యేళ్ళకు పైగా ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెబుతున్న పంతుళ్ళం. అందుచేత నల్లబల్ల మీద బొమ్మ గీసి పిల్లలకు చెప్పే పాఠాన్నే ఇక్కడ బొమ్మ లేకుండా చెబుతాము. ఉర్దూ పుస్తకంలో దీని పేరు నిజామె హజ్మ్. తెలుగులో జీర్ణవ్యవస్థ.

ఈ పాఠమే ఎందుకంటారా? వానాకాలం వచ్చిందంటే మన బస్తీల్లో చంటిపిల్లలకు విరేచనాలు మొదలవుతాయి. వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు "నీళ్ళు పోయకండి, పోస్తే ఇంకా ఎక్కువవుతాయి, కడుపు మాడ్చండి" అంటారు. ఆ మాట తప్పు. తప్పని ఊరికే చెబితే ఎవరూ వినరు. ఎందుకు తప్పో తెలిస్తే మనసుకెక్కుతుంది. అది తెలియాలంటే మన లోపల ఉన్న గొట్టం సంగతి తెలియాలి.

నోటి నుంచి చివరి దాకా అది ఒకటే గొట్టం. పెద్దవారిలో సుమారు 9 మీటర్లు, అంటే దాదాపు 30 అడుగులు.

మొదటి వంటగది నోరే. మూడు జతల గ్రంథులు రోజుకు లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుస్తాయి. కూర లేకుండా వట్టి రొట్టె ముక్కను నిదానంగా నమిలి చూడండి, కాసేపటికి తియ్యగా అనిపిస్తుంది. రొట్టెలోని పిండిపదార్థాన్ని లాలాజలం చక్కెరగా మార్చడం మొదలుపెట్టిందన్న మాట. దావతులో పందెం వేసినట్టు మింగేవారికి ఈ తీపి తెలియదు. కడుపులో పళ్ళు లేవు, నమిలే పని నోట్లోనే పూర్తి కావాలి.

గొంతులో రెండు దారులున్నాయి. ఒకటి గాలికి, ఒకటి అన్నానికి. మింగేటప్పుడు గాలి దారి మీద చిన్న మూత పడుతుంది. తింటూ మాట్లాడితే, నవ్వితే ఆ మూత సమయానికి పడక పొలమారుతుంది. ఎవరో తలచుకొంటున్నారని అంటాము గాని, తలచుకొన్నది ఎవరూ కాదు, మెతుకు దారి తప్పిందంతే. అక్కడి నుంచి పది అంగుళాల అన్నవాహిక. దాని కండరాలు పైనుంచి కిందికి వరుసగా నొక్కుతూ ముద్దను దింపుతాయి. తలకిందులుగా ఉన్నా ముద్ద కడుపుకే చేరుతుంది. ఈ మాట చెప్పిన రోజు మా క్లాసులో సగం మంది తలకిందులుగా నిలబడతామంటారు!

తర్వాత జఠరం, మన ఇళ్ళలో మేదా అంటాము. లీటరు, లీటరున్నర పట్టే సంచి. రెండు నుంచి నాలుగు గంటలు అన్నాన్ని మెదుపుతుంది. అక్కడ ఊరే ఆమ్లం చాలా క్రిములను చంపుతుంది. ఆ ఆమ్లం తన గోడనే తినివేయకుండా లోపల జిగురు పూత ఉంటుంది. కడుపులో పుండుకు కారం, దిగులే కారణమని చాలాకాలం అనుకొన్నారు. ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనే డాక్టర్లు చాలా పుండ్లకు ఒక సూక్ష్మజీవి కారణమని చూపారు. నమ్మని వాళ్ళను నమ్మించడానికి మార్షల్ 1984లో ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగాడు. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి నెలల తరబడి కడుపు మంట ఉన్నవారు సోడాలతో సరిపెట్టుకోక డాక్టరుకు చూపించుకోవాలి.

అయితే, మిత్రులారా, అసలు పని జరిగేది కడుపులో కాదు, చిన్నప్రేగులో. పేరుకు చిన్నది గాని పొడవు సుమారు 20 అడుగులు. మొదటి భాగానికి యూనానీ పుస్తకాల్లో పన్నెండు అనే అర్థం వచ్చే పేరుంది. పన్నెండు వేళ్ళ వెడల్పంత పొడవని అలా పిలిచారు. అక్కడికి రెండు కాలువలు చేరుతాయి. ఒకటి జిగర్ నుంచి. షాయరీలో జిగర్ అంటే ధైర్యం, ప్రేమ. బడిలో మాత్రం జిగర్ అంటే కిలోన్నర బరువుండే కాలేయం. అది తయారుచేసే పైత్యరసం నూనెను, నెయ్యిని సన్నని బిందువులుగా విడగొడుతుంది. రెండోది లబ్‌లబా, అంటే క్లోమం. దాని రసం పిండిని, మాంసకృత్తులను, కొవ్వును మూడింటినీ అరిగిస్తుంది.

చిన్నప్రేగు లోపలి గోడ టర్కీ తువాలులాగా ఉంటుంది. లక్షలాది సన్నని వేళ్ళు నిలబడి అరిగిన ఆహారాన్ని పీల్చి నెత్తురులోకి పంపుతాయి. జీర్ణమండలం లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టంత అని పాత పుస్తకాల్లో రాసేవారు. 2014లో స్వీడన్ శాస్త్రజ్ఞులు లెక్క తిరగవేసి సుమారు 30 చదరపు మీటర్లన్నారు. అదైనా మన ఇళ్ళలో రెండు మూడు గదులంత.

ఇప్పుడు ఈ లెక్క జాగ్రత్తగా వినండి. పెద్దవారు రోజుకు రెండు లీటర్ల దాకా నీరు లోపలికి తీసుకొంటారు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, ప్రేగు రసం కలిపి మరో ఏడు లీటర్లను శరీరమే గొట్టంలో పోస్తుంది. మొత్తం తొమ్మిది. ఇందులో ఎక్కువ భాగం చిన్నప్రేగు, మిగిలిందాన్ని ఐదడుగుల పెద్దప్రేగు తిరిగి పీల్చేసుకొంటాయి. బయటికి పోయేది గ్లాసెడు కూడా ఉండదు. అంటే మన కడుపులో రోజూ ఒక చెరువు నిండి, తిరిగి ఇంకిపోతోంది.

విరేచనాల జబ్బులో ఈ ఇంకడం చెడుతుంది. బయటికి పోయేది మనం తాగిన నీరు మాత్రమే కాదు, నెత్తురులోంచి వచ్చిన నీరూ, ఉప్పూ. మనం నీళ్ళు ఆపినంత మాత్రాన ఆ ధార ఆగదు. బిడ్డ ఎండిపోతుంది. చిన్న ఒంట్లో నిలవ తక్కువ గనుక గంటల్లోనే ప్రమాదం వస్తుంది. ఇప్పటికీ ప్రపంచంలో ఐదేళ్ళలోపు పిల్లలు ఏటా 4 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

మరి వట్టి నీళ్ళు పోస్తే చాలదా? చాలదు. పోయిన ఉప్పు కూడా తిరిగి రావాలి. ఇక్కడే ప్రేగు గోడలో ఒక చిత్రం ఉంది. ఆ గోడలో ఒక తలుపుంది. ఉప్పు ఒంటరిగా వస్తే ఆ తలుపు తెరుచుకోదు. చక్కెర చెయ్యి పట్టుకొని వస్తే తెరుచుకొంటుంది. ఆ రెంటి వెనుక నీరు కూడా లోపలికి పోతుంది. ఈ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. కలరాలో కూడా ఆ తలుపు పాడు కాదు. అదే మన అదృష్టం.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అక్కడున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, సోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. అక్కడ మందు పోసిన చేతులు అమ్మలవి, అక్కలవి. ఆయన 2022లో కన్నుమూశారు. 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

కనుక తల్లులు గుర్తుంచుకోవలసినవి ఇవి. ఓఆర్ఎస్ పొట్లం ఆశా కార్యకర్త దగ్గర, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. పొట్లం మీద ఎంత నీరని రాసి ఉంటే అంతే కలపాలి, తక్కువా వద్దు, ఎక్కువా వద్దు. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో టీ చెంచాతో చదునుగా 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. రుచి చూస్తే కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు. చక్కెర ఎక్కువైతే ప్రేగు ఇంకా నీరు వదులుతుంది, ఉప్పు ఎక్కువైతే హాని. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకొంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి. తల్లిపాలు ఆపరాదు, తినే పిల్లకు మెత్తని అన్నం, కిచిడీ పెట్టాలి. జింకు మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులో 14 రోజులు వేయాలి.

ఇంకొక హెచ్చరిక. రంగు డబ్బాల్లో తియ్యని పానీయాలకు కూడా ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మారు. హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆదేశించింది. కొనేటప్పుడు చదివి కొనండి, చదువు రానివారు బడికి పోయే పిల్లచేత చదివించండి.

మలంలో నెత్తురు కనిపించినా, కళ్ళు లోతుకు పోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకొన్నా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. దారిలో కూడా చెంచా ఆపకండి.

ఈ సభలో కూర్చున్న ప్రతి ఇంట్లోనూ ఉప్పుంది, చక్కెర ఉంది, ఒక చెంచా ఉంది. ఇకమీదట "నీళ్ళు పోయకండి" అని ఎవరన్నా అంటే, ఆ పెద్దావిడను నొప్పించకుండా పక్కన కూర్చోబెట్టి, చెరువు కథ, తలుపు కథ చెప్పండి. చెబుతూనే బిడ్డ నోట్లో చెంచా పెట్టండి.