సెల్లారులో ఉండేవాడూ పొరుగువాడే



పొరుగువానికి మనపై హక్కు ఉంది. మణికొండలోని ఎన్నో అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబం సెల్లారులోనే కాపురముంటుంది. మన కార్ల పొగ వారి పసిబిడ్డల పడకపై కమ్ముతుంది. ఆ పొగలో బెంజీన్ ఉంటుంది. అది రక్త క్యాన్సర్‌ను కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ఇంట్లో చల్లే పురుగుమందులకూ పిల్లల రక్త క్యాన్సర్‌కూ సంబంధమున్నదని పలు అధ్యయనాలు సూచిస్తున్నాయి.

పెద్దలకూ ముప్పు తప్పదు. పొలాల్లో చల్లే పారాక్వాట్ కలుపుమందుకూ, చేతులు వణికించే పార్కిన్సన్స్ వ్యాధికీ సంబంధమున్నట్లు పరిశోధకులు గమనించారు. ఐరోపా న్యాయస్థానం 2007లో దాని అనుమతిని రద్దు చేసింది.

అయితే జబ్బుపడిన ప్రతి బిడ్డ విషయంలోనూ కారణమిదేనని చెప్పజాలము. ఆ తల్లిదండ్రులను నిందించరాదు.

దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (స) బోధించారు. కంటికి కనిపించని హానిని తొలగించడమూ అటువంటిదే. సెల్లారులో బండి నిలపగానే ఇంజను ఆపుదాము. ఖాళీ స్థలాల్లో ప్లాస్టిక్ తగులబెట్టకుందాము. వాచ్‌మన్‌కు గాలి ఆడే గది ఇవ్వాలని అసోసియేషన్ సమావేశంలో మనమే అడుగుదాము.

అల్లాహ్ మన పిల్లలనూ, వారి పిల్లలనూ కాపాడుగాక! ఆమీన్.