మనం చేరేలోపు



1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. దాదాపు పదివేల మంది పోయారు. మన దళాలు ఎంత త్వరగా బయలుదేరినా, రోడ్లు తెగాక ట్రక్కు ఎలా వెళ్తుంది చెప్పండి? మొదటి గంటల్లో ఊరికి ఊరే దిక్కు.

జాతీయ ప్రణాళికలో విపత్తు నిర్వహణకు మొదటిసారి ఓ అధ్యాయం దక్కింది పదో పంచవర్ష ప్రణాళికలో (2002-07). అప్పటికే 1999 పెనుతుపాను ఒడిశాలో మరో పదివేల మందిని బలిగొంది. అదే ఒడిశాలో 2013 ఫైలిన్ నాటికి షెల్టర్లు, ఊరి వలంటీర్లు సిద్ధం. సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు. మృతులు పదుల్లోనే.

మనకు ప్రథమ చికిత్స వచ్చు, తాడు ముడులు వచ్చు. కానీ మన ఊరి షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుంది? నాకైతే మొన్నటిదాకా తెలియదు. కోస్తావాళ్ళు సెలవుకో, పండక్కో వెళ్ళినప్పుడు సర్పంచిగారిని అడగండి.