ఆయాసం ఉన్నవాళ్లు నొప్పి గోలీ మింగే ముందు

(పింఛనుదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టర్ని కాదు. డాక్టర్లు చెప్పే మాటను మీకు అర్థమయ్యేలా చెప్పడమే నా పని.

మోకాళ్లు నొస్తే మెడికల్ షాపుకు పోయి "ఒక నొప్పి గోలీ ఇయ్యి" అంటాం. చాలామందికి ఫరవాలేదు. కానీ బీడీ పొగతో, కట్టెల పొయ్యి పొగతో ఊపిరితిత్తులు చెడి దమ్ము పట్టేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి.

ఎందుకంటే, మనం పీల్చిన ఆక్సిజన్‌ను ఒళ్లు వాడుకుని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. అది పొయ్యిలో పొగ లాంటిది, బయటికి పోవాల్సిందే. ఆస్పిరిన్ ఎక్కువ మోతాదులో మింగితే ఒంట్లో ఆ పొగ ఎక్కువ పుడుతుంది. మెదడు కూడా ఊపిరిని తొందరపెడుతుంది. ఊపిరితిత్తులు బాగున్న మనిషి గబగబా ఊపిరి వదిలి దాన్ని పంపేస్తాడు. సీవోపీడీ ఉన్నవాళ్ల పొగగొట్టం ఇరుకు. ఎంత ఎగపోసినా పూర్తిగా పోదు. రక్తంలో పేరుకుంటే తలనొప్పి, మత్తు, తికమక మాటలు వస్తాయి. ఇంట్లోవాళ్లు "గోలీ పనిచేసింది, హాయిగా పడుకున్నాడు" అనుకుంటారు. అది నిద్ర కాకపోవచ్చు! లేపితే సరిగా లేవకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కొందరికి, ముఖ్యంగా ముక్కులో కండ పెరిగినవాళ్లకు, ఒక్క గోలీతోనే గంటా రెండు గంటల్లో ముక్కు కారి, పిల్లికూతలు మొదలై ఊపిరాడదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇదే కుటుంబం.

అలాగని గుండె కోసం డాక్టర్ రాసిన 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఆపొద్దు. ఆ చిన్న మోతాదు సంగతి వేరు. ఆపితే గుండెకు ముప్పు. అనుమానం ఉంటే డాక్టర్నే అడగండి.

ఇవి గుర్తుపెట్టుకోండి:

1. దమ్ము, ఉబ్బసం ఉన్నాయని షాపులో ముందే చెప్పండి. పారాసిటమాల్ సరిపోతుందేమో డాక్టర్ను అడగండి.

2. రెండు చోట్ల తెచ్చిన నొప్పి గోలీలు కలిపి మింగొద్దు. నిద్రమాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

3. గోలీలు మింగాక చెవుల్లో గుయ్‌మన్నా, ఊపిరి వేగం పెరిగినా మోతాదు ఎక్కువైందేమో అనుకోండి. ఇంకోటి మింగకుండా ఆసుపత్రికి పోండి.

4. పోయేటప్పుడు మింగిన గోలీల పట్టీ, రేషన్ కార్డు, ఆధార్ వెంట పెట్టుకోండి. ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ముందు ఆరోగ్యమిత్రను కలవండి.

మీ ఇంట్లో, మీ వాడలో దమ్ము ఉన్న పెద్దవాళ్లకు ఇది చదివి వినిపించండి. వాళ్లలో చాలామందికి ఫోన్ ఉండదు, మీరే చెప్పాలి. సెలవు.