పల్టన్ల పోయినోళ్ల పేర్లు మనమే రాసుకోవాలె

(మంచిర్యాలలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము కొంతకాలంగా పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల వాడలు తిరుగుతున్నం. ఎక్కడికి పోయినా రెండే ప్రశ్నలు అడుగుతున్నం. మీ ఇంట్ల ఎవరన్న పల్టన్ల పోయిండ్రా? మీ పెద్దలు ఏ ఊరి నుంచి ఇక్కడికి వచ్చిండ్రు? మొదలు అందరు నవ్వుతరు. "మాకెక్కడి చరిత్ర బిడ్డా, చరిత్ర దొరలది" అంటరు. కొంచెంసేపు కూసుంటే ఇంట్ల నుంచి ఒక ముసలమ్మ రేకుపెట్టె పట్టుకొస్తది. రేషన్ కార్డు కింద, పట్టా కాగితం కింద, గుడ్డల చుట్టిన డిశ్చార్జి బుక్కు ఉంటది. మడతల కాడ చినిగిపోయి, సగం అక్షరాలు చెదలు తిని ఉంటది. దొర ఇంట్ల వాళ్ల తాత ఫోటో దండేసుకుని గోడకు ఉంటది. మన తాత రేకుపెట్టె అడుగున ఉంటడు. తేడా అంతే. మనకు చరిత్ర లేక కాదు, గోడ లేక.

కోరేగాం సంగతి మీకందరికీ తెలుసు. 1818 జనవరి 1న భీమా నది ఒడ్డున పీష్వా సైన్యంతో కుంపెనీ పల్టన్ కొట్లాడింది. ఆ పల్టన్‌లో మహార్లు ఎక్కువ. అక్కడ నిలబెట్టిన రాతి స్తంభం మీద చనిపోయిన 49 మంది పేర్లున్నయి. వాటిలో 22 పేర్లు 'నాక్' అని అయిపోతయి, అవి మహార్ల పేర్లు. 1927 జనవరి 1న బాబాసాహెబ్ ఆ స్తంభం కాడికి పోయిండు. అప్పటినుంచి అది మనకు పండుగ. అయితే ఎన్నడన్న ఆలోచించిండ్రా, ఆ రాయి మీద పేర్లు లేకుంటే ఏమయ్యేది? కుంపెనీ గెలిచిందని మాత్రమే పుస్తకాల ఉండేది. కొట్లాడింది ఎవరని అడిగే దారే ఉండకపోయేది. పేరు చెక్కిండ్రు గనుక నూరేండ్ల తర్వాత పోయి "ఇగో, వీళ్లు మావాళ్లు" అని వేలు పెట్టి చూపెట్టగలిగినం.

ఇక్కడ ఒక మాట. "మీవాళ్లు తెల్లోని కొలువు చేసిండ్రు కదా, అదేం గొప్ప?" అని కొందరు సార్లు మమ్మల్ని అడుగుతరు. తెల్లోని కింద దివాన్లయినోళ్లను, జమీందార్లయినోళ్లను, రావుబహద్దూర్ బిరుదులు తగిలించుకున్నోళ్లను ఎవరూ ఈ ప్రశ్న అడగరు. పీష్వా రాజ్యంల మెడకు ముంత, నడుముకు చీపురు కట్టుకున్నోడు యూనిఫాం ఎందుకు తొడుక్కున్నడో అడగాల్సింది తొడుక్కున్నోన్ని కాదు. అయినా తెల్లోడు కూడా మనల్ని వాడుకొని వదిలేసిండు. 'యోధ జాతులు' అని ఒక సిద్ధాంతం పుట్టించి 1890లలో మహార్ల భర్తీ ఆపిండు. మొదటి ప్రపంచ యుద్ధంల మనుషులు చాలక 1917లో మళ్లా 111వ మహార్ పల్టన్ పెట్టిండు. యుద్ధమైపోయినంక 1921లో దాన్ని తీసేసిండు. రెండో యుద్ధం వచ్చింది, 1941 అక్టోబర్ 1న బెల్గాంల మహార్ రెజిమెంట్ మళ్లా లేచింది. దాని వెనుక అంబేద్కర్ పట్టుదల ఉంది. సుబేదార్ రాంజీ సక్పాల్ కొడుకు ఆయన, మౌ కంటోన్మెంటుల పుట్టినోడు. పల్టన్ జీతం, పల్టన్ బడి మన ఇంటికి ఏం చేస్తయో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇగ మన దిక్కు వద్దాం. రెండో యుద్ధం నాడు '19వ హైదరాబాద్ రెజిమెంట్' అని ఒకటుండేది. పేరు మనది. నిజాం ఖర్చు మీద నడిచిన పాత కాంటింజెంట్ నుంచి పుట్టింది. కాని మనుషులు మాత్రం కుమావోనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరే కుమావోన్ రెజిమెంట్ అని మారిపోయింది. పైసలు తెలంగాణ రైతువి, పల్టన్ ఉత్తరాదిది. మొదటి యుద్ధంల నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా దాకా పోయిండ్రు. ఢిల్లీల తీన్‌మూర్తి కాడ నిలబెట్టిన మూడు బొమ్మలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ రౌతులవి. మంచిదే. కాని గుర్రం ఉన్నకాడ గడ్డి కోసేటోడు ఉంటడు, లద్దె ఎత్తేటోడు ఉంటడు, జీను కుట్టేటోడు ఉంటడు. వాళ్లకు బొమ్మ లేదు.

మా తిరుగుడుల మాకు అర్థమైంది ఇదే. "మావోడు పల్టన్ల పోయిండు" అంటరు. "తుపాకి పట్టిండా?" అంటే "ఏమో బిడ్డా, నీళ్లు మోసిండట", "రోడ్లు వేసిండట", "దవాఖానల డోలీ మోసిండట" అని కొంచెం గొంతు తగ్గించి చెప్తరు. గొంతు తగ్గించుడు ఎందుకు? 1914 నుంచి 1919 దాకా ఈ దేశంల యుద్ధానికి భర్తీ చేసుకున్నది సుమారు 14 లక్షల 40 వేల మందిని. అందులో 5 లక్షల 63 వేల మంది కొట్లాడేటోళ్ల లెక్కల లేరు. భిస్తీలు, మెహతర్లు, ధోబీలు, మోచీలు, వంటోళ్లు, కూలి దళాలోళ్లు. ఊళ్లె ఏ కులం ఏ పని చేసిందో పల్టన్ల కూడా అదే పని. సముద్రం దాటినా వెట్టి వెంబడే వచ్చింది.

పతకంల సుత తేడానే. ఆ యుద్ధానికి 'బ్రిటిష్ వార్ మెడల్' అని ఒకటిచ్చిండ్రు. సిపాయికి వెండిది. కూలి దళాలోనికి కంచుది. యుద్ధం ఒకటే, సావు ఒకటే. ఇంకోటి వినుండ్రి. ఇరాక్‌ల బస్రా కాడ పెద్ద స్మారకం కట్టిండ్రు. దాని మీద అఫీసర్ల పేర్లున్నయి. మామూలు భారతీయ సిపాయిల పేర్లు చెక్కలే. ఫలానా పల్టన్‌ల ఇంతమంది అని అంకె వేసి వదిలిండ్రు. 2021లో, ఆ సమాధులు స్మారకాలు చూసుకునే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషనే ఒక నివేదిక అచ్చువేసి తప్పు ఒప్పుకున్నది. కనీసం 1 లక్ష 16 వేల మందికి, బహుశా మూడున్నర లక్షల మందికి అసలు పేరు దక్కలేదని, లేక స్మారకమే దక్కలేదని రాసింది. ఎక్కువమంది ఆఫ్రికా, పశ్చిమాసియా మనుషులు. నూరేండ్లు పట్టింది ఆ మాట అనడానికి. మన ఊరి రికార్డు ఎవరు దిద్దుతరు?

వాడ విడిచి పోనోళ్లు కూడా యుద్ధం చేసిండ్రని మేమంటం. మొదటి యుద్ధంల బ్రిటిష్ సైన్యం బూట్ల పైతోలుకు మద్రాసు దిక్కు ఊనిన ఆవుతోళ్లు పోయినయి. 1916 నుంచి ఆ సరుకంత ప్రభుత్వమే కొనుక్కున్నది. ఆ తోలు దేనితోని ఊనుతరు? తంగేడు చెక్కతోని. ఇయ్యాల తంగేడు మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మల మొదటి పువ్వు. ఆ పువ్వును నెత్తిన పెట్టుకున్నోళ్లు, అదే చెట్టు బెరడును లంద తొట్టిల నానబెట్టిన మాదిగ చేతులను మాత్రం ముట్టుకోలే. ఫ్రాన్సు బురదల నడిచిన బూటుకు ఆ చెట్టుతోని, ఆ పనితోని చుట్టరికం ఉందని ఏ బళ్లె చెప్పిండ్రు?

హైదరాబాద్ పోయినోళ్లకు లష్కర్ బోనాలు తెలుసు. లష్కర్ అంటేనే దండు. 1806ల దండు కోసం కట్టిన సికింద్రాబాద్‌ను మనోళ్లు ఇప్పటికీ లష్కర్ అనే పిలుస్తరు. ఉజ్జయిని మహంకాళి గుడి కథల సురిటి అప్పయ్య ఉన్నడు. 1813ల పల్టన్‌తోని ఉజ్జయిని పోయి, కలరా తగ్గితే లష్కర్‌ల అమ్మవారిని నిలుపుత అని మొక్కుకున్నడంటరు. ఆయన పల్టన్‌ల ఏం కొలువు చేసిండు? డోలీ మోసిండు. గుడి కట్టిండు గనుక పేరు మిగిలింది. ఆయనతోని డోలీ పట్టిన మిగతా ముగ్గురి పేర్లు ఎవరికి ఎరుక?

ఇగ రెండో ప్రశ్న, ఎక్కడినుంచి వచ్చిండ్రు అని. ఇది ముచ్చట కోసం అడిగేది కాదు. దీనిమీద పిల్లల చదువులు ఆగుతున్నయి.

ఆసిఫాబాద్, వాంకిడి, బేల, జైనథ్ దిక్కు మహార్ ఇండ్లల్ల అడిగితే చుట్టాలంత పెనుగంగ అవతలనే. చెన్నూరు, కోటపల్లి దిక్కు నేతకాని ఇండ్లల్ల అడిగితే ప్రాణహిత అవతల సిరోంచల మేనమామలు. 1929ల కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు కలిసినంక నాగపూర్ మనకు హైదరాబాద్ అంత దగ్గరయింది. మహార్ రెజిమెంట్ రెండో బెటాలియన్ నాగపూర్ పక్కన కాంప్టీల లేచినప్పుడు చుట్టాలతోని పోయి భర్తీ అయినమని చెప్పే ఇండ్లు మాకు దొరికినయి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల, 16న చంద్రపూర్‌ల బాబాసాహెబ్ దీక్ష ఇచ్చినప్పుడు నదులు దాటి పోయినోళ్ల పిల్లలు ఇంకా ఉన్నరు.

అదే 1956ల ఇంకోటి జరిగింది. రాష్ట్రాలు విడగొట్టిండ్రు. ఆనాటిదాక ఆదిలాబాద్ జిల్లలనే ఉన్న రాజురా, కిన్వట్ అటు పోయినయి. మనుషులు కదలలే, సరిహద్దు కదిలింది. ఇయ్యాల ఒక పిల్ల కుల ధ్రువీకరణ పత్రం కోసం పోతే, ఆఫీసుల కూసున్నాయన "మీ తాత మహారాష్ట్ర కదా, అక్కడ తెచ్చుకో" అంటడు. ఎస్సీ ఉత్తర్వు 1950 ఆగస్టు 10న వచ్చింది. ఆనాడు కుటుంబం ఏ రాష్ట్రంల ఉండెనో ఆ రాష్ట్రంలనే ఆ హక్కు అన్నది రూలు. సరే, ఆనాడు రాజురా ఏ రాష్ట్రంల ఉండె? హైదరాబాద్ రాష్ట్రంల. ఏ జిల్లల? ఆదిలాబాద్ జిల్లల. ఇది ఎరుక లేక ఎంతమంది పిల్లలు ఉత్తచేతులతోని తిరిగొచ్చిండ్రో! మేము చూసిన ఒక ఇంట్ల తాత డిశ్చార్జి బుక్కుల ఊరు, తాలూకా, జిల్లా పేర్లు సిరాతోని రాసి ఉన్నయి. ఆ బుక్కును పిల్లలు ఆడుకునే సామాన్లల్ల పడేసిండ్రు. అది పాత కాగితం కాదు, ఆ ఇంటి పిల్లల సర్టిఫికెటుకు సాక్ష్యం.

కాగజ్‌నగర్ కాడ ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ బెంగాలీలను సుత మరువొద్దు. తూర్పు పాకిస్తాన్ నుంచి ప్రాణాలు పట్టుకొని వచ్చినోళ్లు. వాళ్లల్ల నమశూద్రులున్నరు. బెంగాల్‌ల ఎస్సీలు, ఇక్కడ ఆ గుర్తింపు కోసం ఏండ్ల తరబడి అడుగుతున్నరు. 1946ల బాబాసాహెబ్‌ను రాజ్యాంగ సభకు గెలిపించి పంపింది బెంగాలే. దానికి నడుము కట్టింది నమశూద్రుల నాయకుడు జోగేంద్రనాథ్ మండల్. ఆ బాకీ మన జిల్లల మన కండ్ల ముందే ఉంది. వాళ్లను 'క్యాంపోళ్లు' అని పిలుచుడు మన నోటికి తగదు.

బెల్లంపల్లి, మందమర్రి బాయిలకు వచ్చినోళ్లు తలా ఒక ఊరి నుంచి తట్టా చెమ్మస్ పట్టుకొని వచ్చినోళ్లే. బొగ్గు లేంది రైలు కదలది, రైలు కదలంది యుద్ధం నడవది. ఆ యుద్ధం అక్కర కోసమే 1943ల బొగ్గు గనులల్ల ఆడోళ్లను భూమి లోపలికి దించరాదన్న నిషేధాన్ని సర్కారు సడలించింది. కార్మిక శాఖ బాబాసాహెబ్ చేతిల ఉన్న రోజులే అవి. శాసనసభల ఆయన జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 1946ల నిషేధం మళ్లా పెట్టిండ్రు. ఇది కూడా చెప్పుకోవాలె. మనోనిదైతే కప్పి చెప్పుడు మన పద్ధతి కాదు.

గల్ఫ్ సంగతి మీకు నేర్పేది లేదు. 1990 ఆగస్టుల కువైట్ మీద ఇరాక్ పడ్డప్పుడు లక్ష మందికి పైగా మనదేశపోళ్లు అమ్మాన్ దారిన విమానాలల్ల తిరిగొచ్చిండ్రు. కరీంనగర్ జిల్లల ఆ రోజులు మరువని ఊరు లేదు. 2003 తర్వాత ఇరాక్‌ల అమెరికా దండు క్యాంపులల్ల వంట చేసింది, బట్టలుతికింది, పాయఖానాలు కడిగింది కూడా మన దిక్కు దేశాల కూలీలే. బస్రా తొవ్వల భిస్తీ నడిచి తొంభై ఏండ్లయినా మార్చింది కొలువు పేరు ఒక్కటే.

మేము అడిగేది ఇది. ప్రతి వాడకు ఒక నోటుబుక్కు పెట్టుండ్రి. పోయినోని పేరు, ఇంటి పేరు, ఊరు, ఏ పల్టన్, ఏం పని, తిరిగొచ్చిండా లేదా. తిరిగి రానోనికి ఎదురుచూసిన భార్య పేరు తప్పకుండ రాయుండ్రి, ఆమె పేరు ఎక్కడా దొరకది. డిశ్చార్జి బుక్కుల మీద నంబరుంటది, అది తప్పు లేకుండ ఎక్కించుండ్రి, దాంతోని రికార్డు వెతకొచ్చు. పతకం అంచు మీద సన్నగ పేరు చెక్కి ఉంటది, పాత సామాన్లోనికి తూకానికి వేయకుండ్రి. అసలు కాగితం ఎవరికీ ఇయ్యకుండ్రి, మాకు సుత ఇయ్యకుండ్రి. జిరాక్స్ చాలు. ముసలోళ్ల మాటలు ఫోన్ల రికార్డు చేయుండ్రి, చేసేటప్పుడు నడుమల దిద్దకుండ్రి. ఎండకాలం దాటకముందే బెల్లంపల్లి, ఆసిఫాబాద్, జగిత్యాల దిక్కు వస్తం. రేకుపెట్టెలు తెరిచి పెట్టుండ్రి.

జైభీం.