నిస్తంత్రీ వార్తలు – ఆనవాలు సంకేతములు



పొలము కొలుచుటకు గొలుసెంత ముఖ్యమో, ఆ కొలతకు మొదలుగా నిలుచు సర్వేరాయియు నంత ముఖ్యము. రాతి చోటు నిశ్చయముగా తెలిసినది గావుననే దానినుండి కొలిచిన గట్టు తెలియును. రాయి కదలినచో గొలుసు సరియైనదైనను తగవు తీరదు. నేటి నిస్తంత్రీ వార్తాప్రసారమునందును ఇట్టి రాళ్లు కలవు. శాస్త్రజ్ఞులు వానిని రిఫరెన్సు సంకేతములనియు, పైలటు సంకేతములనియు నందురు. తెలుగున ఆనవాలు సంకేతములనవచ్చును.

టవరునుండి వెడలిన తరంగము సెల్‌ఫోనునకు తిన్నగా చేరదు. మిద్దెలను, గుట్టలను, చెట్లను తాకి, పలు త్రోవల వచ్చి, కొంత క్షీణించి, కొంత వెనుకబడి, రూపు మారి చేరును. ఆ మార్పెట్టిదో తెలియనిదే అందలి మాటను పోల్చుకొనుట దుర్లభము. అందుకై టవరు, ఫోను ముందే ఎరిగిన సంకేతమును నడుమ నడుమ పంపుచుండును. పంపినది తెలియును, అందినది తెలియును, రెంటికిని గల భేదమే త్రోవ చేసిన మార్పు. ఆ లెక్కతో ఫోను తక్కిన మాటను సరిదిద్దుకొనును.

చిక్కు ఇరుగుపొరుగులతో వచ్చినది. నాల్గవ తరపు ఎల్‌టిఇ పద్ధతి 2009 డిసెంబరులో స్టాక్‌హోము, ఓస్లో నగరములందు ప్రజల వాడుకకు వచ్చినది. అందు పొరుగు టవరులన్నియు ఒకే తరంగశ్రేణిని వాడుకొనవచ్చును. ఆనవాళ్లు నడిరేయి మాటాడువారు లేనప్పుడును ఆగవు. రెండు టవరుల ఎల్లపై నున్న ఊరిలో అవి ఒకదానిపై నొకటి పడినచో ఫోను త్రోవను తప్పుగా లెక్కించును. తొలి పద్దు తప్పిన చిట్టావలె తక్కినదంతయు చెడును. గుర్తుగీతలు నిండుగా కనబడుచుండగనే 108కు చేసిన పిలుపు తెగిపోవచ్చును. ప్రసవవేదన పడు ఇల్లాలి యింట ఇది లెక్కల ముచ్చట కాదు, ప్రాణముల ముచ్చట.

దీనికి మొదటి ఉపాయము చోటు మార్పు. ఎల్‌టిఇలో ప్రసార విభాగములకు 0 మొదలు 503 వరకు 504 గుర్తుసంఖ్యలు కలవు. తరంగశ్రేణిని సన్నని పాయలుగా చీల్చి, ప్రతి ఆరు పాయలలో ఒకదానియందు ఆనవాలు నిలుపుదురు. గుర్తుసంఖ్యను ఆరుచే భాగింపగా మిగిలిన శేషమే ఆ చోటును నిర్ణయించును. రెండు ఏంటెనాలున్నచో వేర్వేరు చోట్లు మూడే మిగులును. కావున మూడుచే భాగింపగా ఒకే శేషము వచ్చు సంఖ్యలను పొరుగు విభాగములకు ఈయకుండుట మేలు. అయినను ఇది సగము మందే. ఆనవాలు పొరుగు ఆనవాలును తప్పించుకొన్నను, పొరుగు మాటపై పడును.

రెండవది ధన ఋణముల పొందిక. ఇరువురు ఒకే పాయలో రెండు క్షణములు ఆనవాలు పంపుదురనుకొనుడు. మొదటివాడు రెండుమారులును ధనసంకేతమునే పంపును. రెండవవాడు మొదట ధనమును, పిదప ఋణమును పంపును. మొదటివాని త్రోవ బలము 5, రెండవవానిది 3 అయినచో, తొలిక్షణమున 8, మలిక్షణమున 2 అందును. కూడి సగము చేసిన 5. తీసివేసి సగము చేసిన 3. ఎవరి పద్దు వారికి వచ్చినది! అయితే ఆ రెండు క్షణముల నడుమ త్రోవ మారరాదు. వేగముగా పోవు రైలులోనివారికి ఈ నియమము తప్పవచ్చును.

మూడవది తీసివేత. పొరుగు ఆనవాలు ఎట్టిదో ఎరిగిన ఫోను, దాని బలమును ముందుగా అంచనా వేసి, అందిన మొత్తమునుండి తీసివేయును. మిగిలినది తన టవరు మాట.

నాల్గవది మౌనము. భారతదేశమున 2022 అక్టోబరు 1న ప్రారంభమైన ఐదవ తరపు పద్ధతిలో, ఎల్లవేళల మ్రోగు పాత ఆనవాళ్లను మానిపించిరి. మాట యున్నప్పుడు దానితోడనే ఆనవాలు పోవును. మాట లేనప్పుడు, ఫోనులు టవరును కనుగొనుటకు వలయు కొద్దిపాటి సంకేతములే కాలవ్యవధినిబట్టి వెలువడును.

ఇంతటితో చిక్కులన్నియు తీరినవని తలపరాదు. కలిసిపోని ఆనవాళ్ల సంఖ్య పరిమితము. కావున దూరపు టవరుల క్రింద అవే మరల వాడవలసివచ్చును. 2010లో బెల్ ప్రయోగశాలకు చెందిన థామస్ మార్జెట్టా, తాను పరిశీలించిన పద్ధతిలో ఏంటెనాలను ఎన్ని పెంచినను ఈ కలత మాత్రము తొలగదని చూపెను.

తెలుగువారికి అష్టావధానము క్రొత్త కాదు. ఎనమండుగురు పృచ్ఛకులు ఒక్కుమ్మడి అడిగినచో ఎంతటి అవధానియు ఏమి వినగలడు? వంతు పాటించుటచేతనే సభ నడచును. గ్రంథాలయమున ఒకరు పెదవి కదపక చదువుకొన్నప్పుడే ప్రక్కవారికి చదువు సాగును. ఇరువదియైదేండ్లుగా ఈ మందిరమున పాటింపబడుచున్న ఆ మర్యాదనే శాస్త్రజ్ఞులు తరంగములకును నేర్పుచున్నారు. యువకులు ఇట్టి శాస్త్రగ్రంథములను గూడ ఇచ్చటి బీరువాలనుండి తీసి చదువుదురు గాక!

స్వస్తి.